లెక్కలో దూరిన రాజు

కొమ్మసానిని మనం కోటగోడ మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే వేలాడుతోంది.

ఉడుములా రాతిని కరుచుకుని, ఎడమకాలి బొటనవేలు ఒక్కటే సందులో ఆనించి, అయిదు నిలువుల ఎత్తున ఉంది. కింద ఆరుగురు భటులు బల్లేలు నిలబెట్టి, "దిగవే తల్లీ, దిగు! మాకేం తొందర లేదు" అని వెక్కిరిస్తున్నారు. వాళ్ళకెందుకుంటుంది తొందర? ఘంటాపురం తూర్పు బురుజు మీద ఇప్పుడే ఆరో గంట మోగింది. పొద్దు పొడిచి ఆరు గడియలైంది. ఇంకో తొమ్మిది గడియలకు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు గద్దముక్కు కొండ మీద గుహ తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు వెనక ధూమకర్ణుడనే రక్కసుడు నిద్రపోతున్నాడు. తలుపు ముందు, దాని కడియానికే గొలుసులతో కట్టేసి, కొమ్మసాని తండ్రి ముచ్చన ఉన్నాడు.

కట్టేసింది రక్కసుడు కాదండీ, రాజు! సొంత రాజు! ఆ ముచ్చన చేసిన నేరమేమిటో చెబుతాను, వినండి. విన్నాక మీకూ ఒళ్ళు మండకపోతే నన్నడగండి.

ముచ్చన వంశం వాళ్ళు గడియకాపులు. నీటితొట్టిలో అడుగున చిల్లి ఉన్న రాగిగిన్నె తేలేసి, అది నిండి మునిగితే ఒక గడియ అని లెక్కపెట్టడం వాళ్ళ వృత్తి. రక్కసుణ్ణి గుహలో బంధించిన రోజున మొదలుపెట్టారు ఆ లెక్క. ఇంతవరకు ఆపలేదు. కాపు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడి చెవిలో లెక్క చెబుతాడు, ఎక్కేవాడు అదే లెక్కను దిగేవాడి చెవిలో తిరిగి అప్పజెబుతాడు. రాతలు లేవు, కోతలు లేవు. మూడువందల పందొమ్మిదేళ్ళుగా నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచిన లెక్క అది. గిన్నె మునగగానే బురుజు మీద గంట కొట్టేదీ ఆ కులం వాళ్ళే. నిన్న పొద్దున తండ్రిని ఈడ్చుకుపోయే ముందు ఆ లెక్క కొమ్మసాని చెవిలో పడింది. అప్పటి నుంచి ఆమె ఊరి గంటలు కలుపుకుంటూ వస్తోంది. కోటలోకి చొరబడి రాజుతో మొరపెట్టుకుందామని వస్తేనే ఈ గోడపాటు.

ఇక రాజుగారి ఘనకార్యం. ఘంటాపురంలో కొలతలకు తలపేర్లుంటాయి. రాశి మరీ పెద్దదైతే వెయ్యికి వెయ్యింతలు, దానికి మళ్ళీ వెయ్యింతలు అంటూ ఎంతసేపని చెబుతాం? అందుకని పెద్దలు ఒక నిచ్చెన కట్టారు. వెయ్యిని సహస్ర అన్నారు. దానికి వెయ్యింతలు నియుత. దానికి వెయ్యింతలు అర్బుద. ఆపైన ఖర్వ, పద్మ, శంఖ. మెట్టు మెట్టుకూ వెయ్యింతలు. గింజలు కానీ, ఇసుక రేణువులు కానీ, చుక్కలు కానీ, రెప్పపాట్లు కానీ, ముందు ఆ తలపేరు తగిలిస్తే ఎంత రాశి అయినా ఒక్క మాటలో ఇమిడిపోతుంది. చక్కటి ఏర్పాటు. ఎవడి సొత్తూ కాదు.

పదేళ్ళ కిందట ఆస్థాన మాంత్రికుడు జంబీరుడు రాజు చెవి కొరికాడు. "ప్రభూ, నియుతకూ అర్బుదకూ నడుమ తమ పేరు ఒక మెట్టుగా పెట్టించండి. వెయ్యి నియుతలు ఒక ప్రచండ, వెయ్యి ప్రచండలు ఒక అర్బుద. దాంతో మన గాదెల్లో ఉన్న ఇరవై అర్బుద గింజలూ వెయ్యింతలైపోతాయి, ఒక్క విత్తు చల్లకుండానే!"

రాజు పేరు ప్రచండసేనుడు. విన్నాడు, మీసం దువ్వాడు, శాసనం వేయించాడు. మర్నాడు భేరీలు మోగాయి. రాజ్యం వెయ్యింతలైందని ఊరంతా దీపాలు పెట్టించారు. గాదెలో ఒక్క గింజ పెరిగిందా? ఎలక తిన్నంత తగ్గింది కూడా. అయినా సభలో ఉన్న పండితులందరూ ఔనౌననీ, ఆ మెట్టు సృష్టి మొదలు నుంచీ ఉందనీ తలలూపారు. సిగ్గులేని తలలు!

పోనీ గింజలతో పోయిందా? గుహ తలుపు మీద పాతకాలపు శాసనం ఉంది: "ధూమకర్ణుడు ఏడు అర్బుద రెప్పపాట్లు ఈ రాతి వెనుక నిద్రించుగాక." గడియకు వెయ్యి రెప్పపాట్లు. పాత నిచ్చెన ప్రకారం ఆ గడువు మూడువందల పందొమ్మిదేళ్ళ చిల్లర, అంటే ఈ మధ్యాహ్నంతో సరి. రాజుగారి కొత్త మెట్టు కలిపితే? మూడు లక్షల పందొమ్మిది వేల ఏళ్ళు! ఇక భయమేముందని కొండ మీద కావలి తీసేశారు. ముచ్చన వెళ్ళి, "ఏలినవారూ, గడువు ముగుస్తోంది, మళ్ళీ బంధం వేయాలి" అని మనవి చేసుకున్నాడు. లెక్కలోంచి రాజు పేరు తీసేశాడు కనుక రాజద్రోహమన్నారు. "నీ లెక్క మీద నీకంత నమ్మకముంటే ఆ తలుపుకే కట్టించుకుని కూర్చో" అన్నాడు ప్రచండసేనుడు. సభంతా నవ్వింది.

అదీ సంగతి. ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం.

బొటనవేలు జారుతోంది. కింద బల్లేలు. అంతలో గజశాల నుంచి గడ్డిమోపులు మోసుకుంటూ ఒక ఏనుగు గోడ పక్కగా వచ్చింది. కొమ్మసాని ఇక చూసుకోలేదు, చేతులు వదిలేసింది. గడ్డిలో నడుము లోతున కూరుకుపోయింది. నెత్తిన ఏం పడిందో తెలియక ఏనుగు బెదిరి ఘీంకరించి పరుగెత్తింది. భటుల్లో ఇద్దరు పక్కనున్న మురుగుకాలవలోకి దూకారు, మిగతావాళ్ళు బల్లేలు పారేసి చెట్టుకొకడు పుట్టకొకడుగా పోయారు. పూలంగళ్ళ మీదుగా, బొంగరాలమ్మే వాళ్ళ మీదుగా, గాజుల మలారం భుజాన వేసుకున్న ముసలమ్మ శాపనార్థాల మీదుగా ఏనుగు రాచవీధంతా చుట్టింది. వందిగారి సందు మొదట్లో కొమ్మసాని ఒక తాటిదూలం పట్టుకుని దిగిపోయింది.

ఆ సందులో ఉండేది చిట్టిభట్టు. రాజు బిరుదులు చదివే వంది. ముప్పై ఏళ్ళుగా ముచ్చన ఇంటి పొరుగున ఉన్నవాడు. తలుపు తీసి, ఒంటినిండా గడ్డితో నిలబడ్డ పిల్లను చూసి గుండె బాదుకున్నాడు.

"నా కొంప ముంచడానికే వచ్చావా అమ్మాయీ! నీ కోసం ఊరంతా జల్లెడ పడుతున్నారు."

"బాబాయ్, ఇవాళ సభలో నువ్వేగా బిరుదులు చదివేది?"

"నేనే, నా ఖర్మే! రాజుగారు లెక్కలో దూరి ఇవాళ్టికి పదేళ్ళు. నామోత్సవమట! ఎవడు ఏ లెక్క చదివినా నేను లేచి 'ప్రచండ, ప్రచండ, ప్రచండ' అని మూడుసార్లు అరవాలి. పదేళ్ళు అరిచాను. గొంతు చూడు, పగిలిన కుండలా అయింది."

"అయితే నీ గొంతు పోయిందని చెప్పు. నేను నీ మేనల్లుణ్ణి. నీ తలపాగా, నీ వెండిబెత్తం ఇయ్యి."

చిట్టిభట్టు రెండడుగులు వెనక్కు వేశాడు. "నీకు మతి పోయింది. తెలిస్తే నా తల తీస్తారు."

"మా నాయన తల తీయడానికి ఇంకా ఎనిమిది గడియలుంది. నీ తల సంగతి ఆ తరవాత చూద్దాం. ఆ మధ్య నీకు జ్వరమొస్తే తొట్టి పక్కన కూచోబెట్టుకుని కాచింది ఎవరు బాబాయ్?"

ముసలాయన భోషాణం తెరిచి ఎర్రపట్టు తలపాగా తీశాడు. మీసాలు మాత్రం మేకవెంట్రుకలతో తనే కట్టి అతికించాడు. "ఎడమవైపు కాస్త వంకరగా ఉంది, ముట్టుకోకు" అన్నాడు.

ఆహా, ఆ సభ ఏమి సభ! వజ్రాలు పొదిగిన వంద స్తంభాలు, స్తంభానికొక చిలుక, చిలుకకొక పంజరం, పంజరానికొక కాపరి. నెమలీకల వింజామరలు, పన్నీటి చిలకరింపులు, నేల మీద కుంకుమపువ్వు అద్దిన ముగ్గులు. నడుమ ఏడు మెట్ల సింహాసనం, దాని మీద నవరత్నాల గొడుగు, గొడుగు కింద బుగ్గలు మెరిసిపోతూ ప్రచండసేనుడు. కుడిపక్క తక్కువ పీట మీద జంబీరుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. సన్నగా, పచ్చగా, నవ్వుతూ. గోడ పొడుగునా బుట్టలు బుట్టలుగా నామోత్సవపు లడ్డూలు.

కొమ్మసాని చూపు లడ్డూల మీద పడలేదు. జంబీరుడి దండచేతికి ఉన్న కడియం మీద పడింది. నల్లటి ఇనుము, దాని మీద మంటగుర్తు. అది కడియం కాదు, చెవిపోగు! మనుషుల చెవికి పట్టేది కాదు. ధూమకర్ణుణ్ణి బంధించిన నాడు అతడి ఒక చెవిపోగు ఊడి పోయిందనీ, అది ఎవడి చేతిలో ఉంటే రక్కసుడు వాడికి బానిస అనీ తండ్రి కథగా చెప్పేవాడు. ఒక్కసారిగా ఆమెకు అంతా అర్థమైంది. రాజు పేరును లెక్కలోకి తోసింది గింజల కోసం కాదు. గడువు ఎవరికీ కనబడకుండా దాచడానికి!

ఘంటాపురం సభలో ఒక కట్టుబాటు ఉంది. వంది వెండిబెత్తం ఎత్తి ఉన్నంతసేపు అతణ్ణి ఎవరూ ఆపకూడదు, రాజైనా సరే. కొమ్మసాని ముందుకు వచ్చి బెత్తం పైకెత్తింది.

"జయ విజయీభవ! ఘంటాపుర వంశాంబుధి చంద్రా! గాదెలు నింపకుండానే గింజలు పెంచిన ఘనుడా!"

సభ చప్పట్లు కొట్టింది. రాజు చిరునవ్వు నవ్వాడు.

"చుక్కలను వెయ్యింతలు చేసినవాడా! ఒక్క చుక్కనూ వెలిగించకుండానే చేసినవాడా! నీ తాత పుట్టకముందు చెక్కిన రాతిలో కూడా నీ పేరు దూర్చినవాడా!"

చప్పట్లు పలచబడ్డాయి. చిట్టిభట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు ఈ సభను ఒక్క మాట అడుగుతున్నాను. గడియకు వెయ్యి రెప్పపాట్లు. గుహ మూసినప్పటి నుంచి గడియకాపుల గిన్నె ఏడు నియుత సార్లు మునిగింది, ఆరు గిన్నెలు తక్కువ. ఏడు నియుత గడియలకు ఎన్ని రెప్పపాట్లు? చెప్పండి! ఇంతమంది పండితులున్నారు, ఒక్కరికి నోరు లేదా?"

ఒక బక్కపండితుడు లేచి, "ఏడు... ఏడు ప్రచండ" అన్నాడు. సభ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టింది.

"ఏడు ప్రచండే కదా!" అన్నాడు జంబీరుడు తీయగా. "శాసనంలో ఉన్నది ఏడు అర్బుద. ఇంకా వెయ్యింతలు గడవాలి నాయనా. కూర్చో."

"శాసనం చెక్కిననాటికి ఈ రాజు పుట్టనే లేదు! పుట్టనివాడి పేరు లెక్కలో ఎలా ఉంటుంది?"

"నా పేరు సృష్టికి ముందే ఉంది," అన్నాడు ప్రచండసేనుడు గంభీరంగా. "నేనే కొంచెం ఆలస్యంగా వచ్చాను."

దీనికి కూడా తలలూపారండీ! ఆ తలలు చూసేసరికి కొమ్మసానికి కోపం ఆగలేదు. బెత్తం నేలకేసి కొట్టింది. ఆ అదురుకు మీసం కాస్తా ఊడి పక్కనున్న లడ్డూల బుట్టలో పడింది. "ఆడపిల్ల!" "ముచ్చన కూతురు!" అని కేకలు. భటులు వచ్చి చేతులు కట్టేశారు. చిట్టిభట్టు గుట్టుచప్పుడు కాకుండా లడ్డూల బుట్టల వెనక నక్కాడు.

"తీసుకుపోయి తండ్రి పక్కనే కట్టేయండి," అని గర్జించాడు రాజు. "మధ్యాహ్నానికి నేనే స్వయంగా సపరివారంగా వస్తాను. ఏ రక్కసుడూ రాకపోతే అక్కడే, ఆ తలుపు ముందే ఇద్దరి నాలుకలూ కోయిస్తాను. ఉత్సవం కొండ మీదే! లడ్డూలు కూడా పట్టండి!"

"దివ్యమైన ఆలోచన ప్రభూ," అన్నాడు జంబీరుడు. "నేను మాత్రం రాలేను. మధ్యాహ్నం నాకు జపం ఉంది."

కొమ్మసాని తల తిప్పింది. "విన్నారా? మూడు లక్షల ఏళ్ళు భయం లేదన్న పెద్దమనిషికి సరిగ్గా ఇవాళ మధ్యాహ్నమే జపమొచ్చింది! రాజా, నిన్ను పొమ్మని తను ఉండిపోతున్నాడు. అడగవేం?"

రాజు తెలివితక్కువవాడే కానీ అనుమానం లేనివాడు కాదు. జంబీరుడి కేసి చూశాడు. "గురువుగారూ, జపం కొండ మీద చేసుకోండి. మీకు పల్లకీ వస్తుంది." జంబీరుడి నవ్వు అలాగే ఉంది, రంగు మాత్రం కాస్త పాలిపోయింది.

ఊరేగింపు బయలుదేరింది. ముందు డప్పులు, వెనక గుర్రాలు, ఆ వెనక రాజు పట్టపుగుర్రం, తెరలు దించిన పల్లకీ, లడ్డూల బుట్టలు మోసే కావళ్ళు. కట్టేసిన చేతులతో కొమ్మసాని గంటలు లెక్కపెడుతూ నడుస్తోంది. అయిదు మిగిలాయి. నాలుగు. మూడు. నక్కలోయ దగ్గర మోకుల వంతెన రావడంతో పల్లకీలోని జంబీరుడు తప్ప అందరూ వాహనాలు దిగారు. మొదటి భటుడు కాలు మోపాడో లేదో, కెవ్వుమని వెనక్కు దూకాడు. మోకులు పాములైపోయాయి! నల్లని, మొద్దుపాటి త్రాచులు పడగలెత్తి ఒకదాన్నొకటి పెనవేసుకుని లోయ మీద ఊగుతున్నాయి. గుర్రాలు చెదిరాయి. రాజు ముఖాన నెత్తురు చుక్క లేదు.

"అపశకునం ప్రభూ," అంది పల్లకీలోంచి గొంతు. "వెనక్కు మళ్ళండి."

ముందు పాములు, వెనక కత్తులు. కొమ్మసాని వంతెన మొదట్లో నిలబడి ఆ పడగల కళ్ళలోకి తేరిపార చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రెప్పపాట్లు లెక్కపెట్టి బతికిన పిల్ల ఆమె. చూసి చూసి పకపకా నవ్వింది.

"ఓరి నీ మాయ తగలెయ్య! పాముకు రెప్పలుంటాయా? ఇవి రెప్ప వేస్తున్నాయి!"

గబగబా పాముల మీద కాలు వేసి నడిచింది. అడుగు వేసినచోటల్లా పాము మోకైపోయింది. ఆవలిగట్టున నిలబడి, "రండి, మగధీరులు!" అని కేకేసింది. సిగ్గుతో గుర్రాల కళ్ళేలు పట్టుకుని చచ్చినట్టు వచ్చారు. కానీ ఆ గందరగోళంలో రెండు గడియలు పోయాయి.

గద్దముక్కు కొండ మీద గడ్డిపరక మొలవదు. కాలిన పెనంలా నల్లగా ఉంటుంది. దాని పొట్టలో రెండు నిలువుల ఎత్తున, తిరగలిరాయిలా గుండ్రని తలుపు. తలుపు కింది నుంచి సన్నటి ఊట పారి బయట చిన్న మడుగు కట్టింది. ఆ మడుగులో రాగిగిన్నె తేలుతోంది. "లెక్కపెట్టుకో ముసలోడా" అని భటులు వేళాకోళానికి వదిలేసిన గిన్నె అది. గొలుసుల్లో వేలాడుతూ ముచ్చన దాన్నే చూస్తున్నాడు. పెదవులు ఎండిపోయాయి. కానీ చూపు పక్కకు పోలేదు.

"వచ్చావా బిడ్డా," అన్నాడు. "చెవి ఇటు పెట్టు."

కొమ్మసాని వంగింది. తండ్రి లెక్క చెప్పాడు. ఆమె తండ్రి చెవిలో అదే లెక్క అప్పజెప్పింది. కాపు మారింది. అంత కోపంలోనూ ఆమెకు ఏడుపొచ్చింది.

"గిన్నె అంచు వరకు వచ్చింది నాయనా."

"చూశాను. రాయి కాలుతోంది, నా వీపు చెబుతోంది. రాజుగారూ! వినండి. లెక్క తెలిసినవాళ్ళు ఈ రాతి మీద అరచెయ్యి ఆనించి కొత్త గడువు పలకాలి. పలికితే తలుపు మూసుకుంటుంది, వాడు మళ్ళీ నిద్రపోతాడు. ముందు నా గొలుసులు విప్పించండి."

ప్రచండసేనుడు నవ్వబోయి, రాతి మీద చెయ్యి పెట్టి చూశాడు. చటుక్కున తీసేసుకున్నాడు. "గురువుగారూ!" అని పల్లకీ తెర లాగాడు. లోపల ఎవరూ లేరు. మెత్త మీద ఒక నిమ్మకాయ ఉంది.

"బరువు తగ్గలేదు ప్రభూ," అన్నారు బోయీలు.

అప్పుడు తెలిసింది రాజుకు. పదేళ్ళు ఆలస్యంగా తెలిసింది. "విప్పండి! వాణ్ణి విప్పండి!" అని అరిచాడు. భటుడు తాళంచెవి తీశాడు. అదే సమయానికి మడుగులో గిన్నె బుడుంగుమని మునిగింది.

కొండ మూలిగింది. తలుపు లోపలివైపుకు దొర్లడం మొదలుపెట్టింది. కడియంతో పాటు గొలుసులు, గొలుసులతో పాటు ముచ్చన లోపలికి వెళ్ళిపోయాడు. సందులోంచి పొగ బుస్సుమని కొట్టింది. చీకట్లో ఎక్కడో పైన రెండు ఎర్రటి కళ్ళు సగం తెరుచుకున్నాయి. తాళంచెవి పారేసి భటులు పరుగో పరుగు.

రాజు పారిపోలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. ముందుకురికి అరచెయ్యి రాతికి ఆనించి గొంతు చించుకుని అరిచాడు. "ఏడు ప్రచండ రెప్పపాట్లు!"

రాయి ఆగలేదు. ఇంకో జానెడు తెరుచుకుంది.

"ఏడు ప్రచండ! వినబడలేదా? ప్రచండ! నేనే!"

రాతికి రాజభక్తి ఉండదు కదండీ. అది చెక్కిననాటికి ఉన్న పేర్లే దానికి తెలుసు. "ఆ పేరు తీసి చెప్పు రాజా, అర్బుద అను!" అని కొమ్మసాని అరిచింది. ప్రచండసేనుడు చుట్టూ చూశాడు. మంత్రులు, పండితులు, ప్రజలు, అందరూ చూస్తున్నారు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ప్రాణం మీదికొచ్చినా తన పేరు తీసి తను చెప్పలేకపోయాడు! థూ, ఆ బతుకూ ఒక బతుకేనా?

కొమ్మసాని అతణ్ణి భుజంతో పక్కకు నెట్టేసి కట్టేసిన చేతులు రెండూ రాతికి ఆనించింది. అరచేతులు చుర్రుమన్నాయి.

"అను తల్లీ!" లోపలి నుంచి ముచ్చన గొంతు. "ఏడు అర్బుద అను! ఊరు బతుకుతుంది. నా సంగతి వదిలెయ్!"

ఏడు అర్బుద అంటే మూడువందల పందొమ్మిదేళ్ళు. తండ్రి లోపలే.

"అనవే!" అన్నాడు రాజు. "నేను ఆజ్ఞాపిస్తున్నాను!"

"ఏం ఆజ్ఞాపిస్తావయ్యా నువ్వు! నిజం చెప్పిన మనిషిని తలుపుకు కట్టి, లడ్డూలు పంచుకోవడానికొచ్చావు! నీ పేరు బతకడానికి మా నాయన చావాలా? చావడు!"

పొగలో ఎర్రటి కళ్ళు పూర్తిగా తెరుచుకుంటున్నాయి. అంతలో వెనకనుంచి ఏదో దొర్లుకుంటూ వచ్చింది. చిట్టిభట్టు! ఎప్పుడూ నీడను చూసి జడిసే ముసలాయన లడ్డూల బుట్టను రెండు చేతులా ఎత్తి సందులోంచి లోపలికి విసిరాడు. ఇంకొకటి విసిరాడు. "ముచ్చనా! ఊట పక్కనే ఉంది, నీళ్ళకు లోటు లేదు! పొదుపుగా తిను!" అని ఆ పగిలిన గొంతుతోనే కేకపెట్టాడు.

కొమ్మసాని కళ్ళు మూసుకుని పలికింది. "ఒక సహస్ర గడియలు!"

రాయి ఆగింది. ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలిచింది. ఆ తరవాత కడియం లోపలివైపే ఉండిపోగా గిర్రున దొర్లి మూసుకుంది. కొండ సద్దుమణిగింది. లోపలి నుంచి కొండచిలువ బుసలాంటి గురక వినిపించింది. దాని నడుమ సన్నగా, గొలుసుతో రాతిని మూడుసార్లు కొట్టిన చప్పుడు. ముచ్చన బతికే ఉన్నాడు.

"సహస్రా?" అన్నాడు రాజు. గొంతు పీలగా ఉంది. "అంటే ఎన్నాళ్ళు?"

"పదహారు రోజులు, పైన నలభై గడియలు."

"అంతేనా! అర్బుద అనగలిగి ఉండీ..."

"అర్బుద అంటే నువ్వు నిద్రపోతావు. సహస్ర అన్నాను, మేలుకుని ఉంటావు."

చిట్టిభట్టు వచ్చి ఆమె చేతుల కట్లు విప్పాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చేతులతోనే ఆమె పల్లకీలోని నిమ్మకాయ తీసింది. అరచేతిలో పెట్టగానే అది తనంతట తానే తిరిగి, తొడిమ దక్షిణానికి పెట్టి ఆగింది. మళ్ళీ తిప్పి చూసింది. మళ్ళీ దక్షిణమే. దొంగ ఎటు పోయాడో వాడి నిమ్మకాయే చెబుతోంది. వాడి దండకున్న చెవిపోగు దొరికితే రక్కసుడు తన మాట వింటాడు. వెయ్యి గిన్నెలు మునిగేలోగా దొరకాలి.

ఆమె మడుగులోంచి రాగిగిన్నె తీసి, నీళ్ళు వంపి, ప్రచండసేనుడి చేతిలో పెట్టింది.

"నేను వచ్చేదాకా ఇక్కడే కూర్చో. తేలెయ్యి. మునిగినప్పుడల్లా లెక్క చెప్పు. చేతనైతే తప్పు పోకుండా చెప్పు, ఇది కాకిలెక్క కాదు."

మంత్రులు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా రాజు బురదలో చతికిలబడ్డాడు. చిట్టిభట్టు ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ బిరుదులు చదవబోయి, కొమ్మసాని చూపు చూసి నోరు మూసుకున్నాడు. ఆమె రాజు గుర్రానికే నీళ్ళు పట్టి, సేదదీర్చి, ఎక్కి దక్షిణపు బాట పట్టింది.

కొండమలుపు దాటేటప్పటికి వెనక నిశ్శబ్దంలో గిన్నె మునిగిన చప్పుడు వినబడింది. దాని వెంటే బొంగురుపోయిన రాజు గొంతు.

"ఒకటి," అంది.